సముద్రం మీద నెపం

ఇంజనీరు గారికి,

నమస్కారం. మీరూ తెలుగువారే కనుక తెలుగులోనే రాస్తున్నాను. మంగళవారం ప్రమాదం గురించి మీరు పంపిన నివేదిక మీద నేను సంతకం పెట్టను.

వంతెన పనిలో నీటి అడుగున మైకులు దించి వినడం నా ఉద్యోగం. మంగళవారం పొద్దున సముద్రంలోకి దించిన ఇనుప గదిలో వెల్డర్ జంగయ్య చిక్కుకున్నాడు. అందరూ పైకి వచ్చేశారని మేస్త్రీ చెప్పాడు. నాకు మాత్రం మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడు దెబ్బలు వినిపించాయి. వెంటనే మీకు చెప్పాను.

"వానాకాలం సముద్రమమ్మా. శబ్దం వంగిపోతుంది, ఒకటి పదిగా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేరే దాన్ని రొద అని తీసేసింది కదా" అన్నారు.

వంగుతుందని నాకూ తెలుసు. అందుకే రొద తగ్గేలా మైకులు దించిన పడవ ఇంజను ఆపించమన్నాను. మీరు ఒప్పుకోవడానికి గంటన్నర పట్టింది. ఇంజను ఆగాక గొలుసుతో ఆ గదిలోకి దిగే ఇనుప గొట్టం మీద రెండుసార్లు కొట్టించాను. లోపలినుంచి రెండు దెబ్బలే బదులు వచ్చాయి. సముద్రానికి లెక్కలు వస్తాయా సార్?

అప్పుడు గానీ బయటికి తీయలేదు. జంగయ్య బతికాడు. కామాటిపురాలో మేముండే వరస గదుల చాల్‌లోనే, మా పక్క గదిలో ఉంటాడు. కుడిచేతి వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు.

"గంతసేపు కొట్టిన బిడ్డా, ఎవ్వలికీ ఇనవడలేదా?" అని నిన్న అడిగాడు.

వినబడిందని చెప్పాను. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"సముద్ర పరిస్థితుల వల్ల శబ్దాన్ని గుర్తించడంలో ఆలస్యం" అని మీరు రాశారు. పది గంటల ఐదు నిమిషాలకే నేను గుర్తించాను. ఆ వాక్యం కొట్టేసి, నేను చెప్పిన సమయం, మీరు ఇంజను ఆపించిన సమయం పక్కపక్కన రాయండి. అప్పుడు సంతకం పెడతాను.

ఇట్లు,
మైకుల దగ్గరి ఆపరేటర్