లక్ష్మమ్మ మా ఇల్లు చూసింది

ఫిబ్రవరి 9, 1988. మంగళవారం.

ఫిల్మ్‌నగర్ రోడ్డు పక్కన గోనెపట్టాల కింద ఉంటున్న లక్ష్మమ్మ పిల్లకి ఈరోజూ పాలు తీసుకెళ్లాను. నన్ను చూడగానే పిల్లని వెనక దాచేసింది. కోపం వచ్చింది. వారం నుంచి వెళ్తున్నాను, నేనేమన్నా పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్నా?

"ఒకాయన గిట్లనే బిస్కెట్లు తెచ్చిండమ్మా. సినిమాల ఏషమిప్పిస్త, పిల్లను నాతోని పంపుమన్నడు. మీ ఇల్లు ఏడనో జర చూపిస్తవా?" అంది.

ఇల్లు తెలిస్తే రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుంటుందేమోనని నా భయం. అయినా వెంటబెట్టుకొచ్చాను. గేటు మీద పేరు ఎవరిదని అడిగింది. మా ఆయనదని చెప్పాక, అక్కడే పిల్లని కూర్చోబెట్టి పాలు తాగించింది.

ఆమె అనుమానం అంతటితో తీరింది. నేను మాత్రం ఇందాక రెండుసార్లు లేచి గేటు తాళం చూసొచ్చాను.