ముప్పై నాలుగు గళ్ళ వరండా

మార్కాపురం, జనవరి 19

ప్రియమైన పుష్పక్కకు,

ఇందుమూలముగా గిద్దలూరు పట్టణ ప్రజలకు, అందునా నా ఫోన్ ఎత్తని ఒక అక్కగారికి తెలియజేయునది ఏమనగా: మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో బండలు కోసే గురవయ్య అను నేను, టీలో రెండో చెంచా చక్కెరను, ఫోన్లో గొంతు మార్చి మాట్లాడటాన్ని నేటి నుంచి శాశ్వతంగా మానివేసితిని. మొదటిది డాక్టరు మాట. రెండోది నా సిగ్గు.

నువ్వు నవ్వవని తెలుసు. పరీక్షల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని చెప్పి హేమను లెక్కలు అడిగింది నేనే. రెండో ప్రశ్నకే నా గొంతు గుర్తుపట్టి నవ్వుతుందనుకున్నాను. ఆ పిల్ల ఏడ్చి ఫోన్ పెట్టేస్తుందని, ఆనాటి నుంచి లెక్కల పుస్తకం తెరవదని, మార్చిలో పదో తరగతి లెక్కల పరీక్ష రాయనని కూర్చుంటుందని నాకేం తెలుసు? మీ పక్కింటి రాములమ్మ కంభం సంతలో కనబడి చెప్పింది. అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

ఒక మాట విను. కొన్నాళ్ళు ఆ పిల్లకు ఆట లెక్కలు ఇవ్వు. బడి లెక్క వెనకాల ఎర్ర పెన్ను నిలబడి ఉంటుంది. ఆట లెక్క తప్పితే చెరిపేసి మళ్ళీ గీసుకోవడమే. మన నాయన గొర్రెలు మేపుతూ బండ మీద పులిజూదం గీసేవాడు గుర్తుందా? వేలిముద్ర మనిషి. ఏ మేక కదిలితే పులి ఎటు దూకుతుందో నాలుగెత్తుల ముందే చెప్పేవాడు. అది లెక్క కాకపోతే ఏంది? ఆయనకు ఎవరూ మార్కులు వేయలేదు, అందుకే భయం పుట్టలేదు.

దీంతోపాటు పదిహేడు పలక ముక్కలు పంపుతున్నాను. వరండా ఒకటి, పొడవు ఆరు గళ్ళు, వెడల్పు ఆరు గళ్ళు. ఐమూలగా ఉన్న రెండు మూలల్లో చెరో గడినీ స్తంభాలు తినేశాయి. మిగిలినవి ముప్పై నాలుగు. ఒక్కో బండ పక్కపక్క గళ్ళు రెండింటిని కప్పుతుంది. ఏ బండనూ కోయకుండా పదిహేడూ పరవాలి. పెద్దారవీడులో కాటమరాజు ఇంటికి నేను స్వయంగా పరిచిన వరండా ఇది. ఏడో తరగతి తప్పినవాడు పరిచాడంటే తనకెంత?

ఎన్ని తిట్టినా పడే నీ తమ్ముడు,
గురవయ్య

గిద్దలూరు, జనవరి 27

ప్రియమైన తమ్ముడికి,

ప్రియమైన అని రాయాలని లేదు. అలవాటు కొద్దీ వచ్చింది.

పరీక్షకు రెండు నెలలు కూడా లేవు, నువ్వు రాతిముక్కలు పంపుతావా? ఆటలతో చదువు వచ్చేటట్టయితే మా వీధిలో పేకాడేవాళ్ళంతా ఈపాటికి కలెక్టర్లు కావాలి. ఆ పొట్లం మంచం కిందికి తోశాను.

లెక్కల పీరియడు ఉన్న రోజు హేమకు కడుపునొప్పి వస్తుంది. అన్నం కెలికి వదిలేస్తుంది. పరీక్ష రాయకపోతే బట్టల దుకాణంలో పనికి పెడతానని మీ బావ అంటున్నాడు. కోపంతో అన్నాడనుకున్నాను. నిన్న ఆ దుకాణం యజమానితో మాట్లాడి కూడా వచ్చాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదురా.

మీ అక్క,
పుష్పమ్మ

మార్కాపురం, ఫిబ్రవరి 2

ప్రియమైన అక్కకు,

బావను పది రోజులు ఆపు. మంచం కింది పొట్లం తియ్యి. హేమకు ఇవ్వొద్దు, ఒక్క మాట కూడా చెప్పొద్దు. అది చూసేటట్టు నట్టింట్లో సుద్దతో గళ్ళు గీసి, నువ్వే పరవడానికి కూర్చో. తప్పుగా పరుచు. తల్లి తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకున్న ఆడపిల్ల ఇంతవరకు పుట్టలేదు.

నీ జవాబు కోసం పోస్టుమాన్‌ను రోజూ విసిగిస్తున్న తమ్ముడు,
గురవయ్య

గిద్దలూరు, ఫిబ్రవరి 16

ప్రియమైన తమ్ముడికి,

కూర్చున్నాను. తప్పుగా పరవడానికి నటించే అవసరమే రాలేదు. కాసేపటికి హేమ వచ్చి, "అట్ల కాదమ్మా, జరుగు" అంది.

నీ ఉత్తరంలోని వరండా సంగతి అప్పుడు చదివి వినిపించాను. నాలుగు రోజులు బడి నుంచి రావడం, నేల మీద కూర్చోవడం. ఎటు పరిచినా చివరికి దూరదూరంగా రెండు గళ్ళు మిగిలేవి. ఆ ధ్యాసలో పళ్ళెంలో అన్నమంతా తినేసింది. ఐదో రోజు ముక్కలన్నీ తీసేసి, గడి విడిచి గడికి సుద్ద పూసి నన్ను పిలిచింది.

"అమ్మా, బండ ఎట్ల పెట్టినా ఒక తెల్లగడి, ఒక నల్లగడి కప్పుతాది. స్తంభాలు రెండూ తెల్లవాటినే తినేసినాయి. ఉండేవి తెల్లవి పదహారు, నల్లవి పద్దెనిమిది. ఇంక పదిహేడు బండలు ఎట్ల సరిపోతాయి?"

నాకే అర్థమైంది, చూడు. దాని ముఖంలో వెలుగు చూసి నెలన్నర అయింది. మరుక్షణమే ఆరిపోయింది. "కానీ మామ పరిచినాడు కదమ్మా. అంటే నాదే తప్పు. నాకు లెక్క రాదు."

ఎంత చెప్పినా వినడం లేదు. ఆదివారం పెద్దారవీడు పోయి ఆ వరండా కళ్ళారా చూడాలంటుంది. అది ఉంటే ఇక పరీక్ష మాట ఎత్తొద్దంటుంది. కాటమరాజు ఇల్లు ఏ వీధిలో ఉందో రాయి. ఎక్కడైనా ఒక బండ కోసి ఉంటే దాచకుండా ఆ సంగతి కూడా రాయి.

మీ అక్క,
పుష్పమ్మ

మార్కాపురం, ఫిబ్రవరి 18

ప్రియమైన హేమకు,

పోస్టులో వేస్తే ఆదివారానికి అందుతుందో లేదోనని, దీన్ని బస్సు కండక్టరు డేవిడ్ చేతికిచ్చి పంపుతున్నాను. బస్సెక్కొద్దు తల్లీ.

మీ అమ్మ ఉత్తరం చదివి, ఫ్యాక్టరీలో నేల మీద గళ్ళు గీసి నువ్వు చెప్పినట్టే సుద్ద పూశాను. మా మేస్త్రీ సుబ్బయ్యతో కలిసి మూడుసార్లు లెక్కపెట్టాను. పదహారు, పద్దెనిమిది. నీ మాటే నిజం. బ్రహ్మదేవుడు దిగొచ్చినా పరవలేడు. ఇరవై రెండేళ్ళుగా బండలు కోస్తున్నవాణ్ణి, నాకు తట్టలేదు. నీకు పంపినప్పటి నుంచి నేనూ పరుస్తూనే ఉన్నాను, ఎప్పుడో ఒకప్పుడు కుదురుతుందని.

నీ కళ్ళ ముందున్న లెక్కను కాదని నా నోటిమాటను నమ్మావు. ఇంకెప్పుడూ అట్ల చేయొద్దు.

ఫోన్లో గొంతు మార్చింది నేనేనని మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఇదొకటి ఆమెకు కూడా తెలియదు. నీకు ధైర్యం వస్తుందని రాశాను. పెద్దారవీడులో నేను ఎవరింటికీ బండలు పరవలేదు. కాటమరాజు లేడు, ఇల్లు లేదు, వరండా లేదు. అంతా నేను అల్లిందే.

మీ మామ,
గురవయ్య