హీలియం ఇల్లు

దేవరకొండ హాస్టల్,
నవంబరు 9

ప్రియమైన బాపుకు,

నేను బాగున్నాను. అమ్మ పంపిన చేపల పచ్చడి మూడు రోజుల్లో ఖాళీ అయింది. నేను తిన్నది రెండు చెంచాలే, మిగతాది గదిలో ఉన్న పదకొండు మంది చూసుకున్నారు. ఇక్కడ పదిహేను రోజులకోసారి ఐదు నిమిషాలు ఫోన్ ఇస్తారు. అందులో మూడు నిమిషాలు నువ్వు "తిన్నవా బిడ్డా" అని అడగడానికే సరిపోతాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

జనవరిలో సైన్సు ప్రదర్శన ఉంది. మా ఫిజిక్స్ మేడమ్ సుసన్న గారు, "ప్రతి ఏడూ థర్మాకోల్ ఉండలతో పరమాణువు చేస్తారు, చూసి చూసి విసుగొచ్చింది. ఈసారి మీకు తెలిసిన మనుషులతో చెప్పండి" అన్నారు. నేను మన ఇంటిని ఎంచుకున్నాను.

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. మన కేంద్రకంలో ప్రోటాన్లు ఇద్దరు, నువ్వూ పెద్దబాపూ. ప్రోటాన్లు రెండూ ఒకే రకం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. పక్కనే ఎవరినీ నెట్టని న్యూట్రాన్లు ఇద్దరు, అమ్మా పెద్దమ్మా. నాలుగేళ్లుగా ఇంటి నడుమ గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ అందించుకునేది వాళ్లే కదా. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉంటే అది హీలియం. దాని చుట్టూ రెండు ఎలక్ట్రాన్లు తిరగాలి. ఒకటి నేను. పెద్దబాపుకు పిల్లలు లేరు, నేను రెండు వైపులదాన్ని. రెండోది ఎవరూ దొరకక, రెండు పొయ్యిల దగ్గరా చేపలు తినే మన పిల్లిని పెట్టాను.

బొమ్మ బాగానే వచ్చింది. కానీ మేడమ్ ఒక ప్రశ్న వేశారు. "ఆ ఇద్దరూ ఎందుకు నెట్టుకున్నారు? చూసేవాళ్లు అడుగుతారు." తాత వలను మీరు రెండుగా కోశారని మాత్రమే నాకు తెలుసు. అప్పుడు నన్ను అమ్మమ్మ ఇంటికి పంపించారు. అసలేం జరిగింది బాపూ?

నీ ఎలక్ట్రాన్,
అరుణజ్యోతి

---

ఇబ్రహీంపట్నం,
నవంబరు 18

ప్రియమైన నా బిడ్డకు,

మీ బాపు ఐలేష్ దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. కవరు మూత మీద ఎండిన అన్నం మెతుకు ఉంది. హాస్టల్లో జిగురు కూడా ఇవ్వరా? మన ఇంటికి ఇప్పటికీ ఒకటే నంబరు కాబట్టి పోస్టుమ్యాన్ నారయ్య ఉత్తరాలన్నీ ముందు భాగంలో, అంటే మీ పెద్దబాపు అరుగు మీద వేసి పోతాడు. మీ పెద్దమ్మ వాటిని గోడ మీదుగా నాకు అందిస్తుంది. ఈసారి రెండు రోజులు ఆలస్యం చేసింది. అడిగితే "బియ్యం డబ్బా మీద పెట్టి మర్చిపోయిన" అంది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను, సిగ్గుగానే ఉంది. మీ తాత పోయాక ఇల్లు పంచుకున్నాం, గోడ లేచింది. ఇక మిగిలింది తాత చేతి పెద్ద వల. ఒకరు వల తీసుకోండి, ఒకరు తెప్ప తీసుకోండి అన్నారు పెద్దమనుషులు. నాకూ వలే కావాలి, అన్నకూ వలే కావాలి. నేను కోపంలో "అయితే నడుమకు కొయ్యి" అన్నాను. పుట్టినప్పటి నుంచి నా మాట ఒక్కటి కూడా వినని మనిషి ఆ రోజు మాత్రం విన్నాడు. కత్తి తెచ్చి నిజంగానే కోసేశాడు.

చెరువులో చేపల గుంపును చుట్టుముట్టాలంటే వల రెండు కొసలూ వచ్చి కలవాలి. సగం వల చుట్టు తిరిగి రాదు. చేప తీరిగ్గా పక్కనుంచి వెళ్లిపోతుంది. అన్న తన సగంతో ఒడ్డు వెంబడి చిన్న చేపలు పడుతున్నాడు, వదిన వాటినే బస్టాండు దగ్గర అమ్ముతోంది. నా సగం దండెం మీద వేలాడుతోంది. నేనేమో బొంగులూరు వెంచర్లో గడ్డికి నీళ్లు పడుతున్నాను. నీ బొమ్మలో నన్ను మధ్యలో పెట్టావు కానీ బిడ్డా, నేను ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్నాను. చిట్టచివరి కక్ష్య నాదే.

ఈ ఏడు పెద్ద చెరువు నిండింది. శివరాత్రి దాటాక వేట మొదలుపెడతామని చేపల సంఘం వాళ్లు చెప్పారు. నిండు వల ఉన్నవాళ్లనే లోపలి నీళ్లలోకి పంపుతారట. కొత్త వల కొనే స్తోమత మా ఇద్దరిలో ఎవరికీ లేదు. ముప్పై ఏళ్లు చెరువు మీద బతికినవాడిని, ఇప్పుడు పైపు పట్టుకుని నిలబడుతున్నాను. నాకు మళ్లీ నీళ్ల మీదికి పోవాలని ఉంది. ఈ మాట మీ అమ్మకు కూడా చెప్పలేదు.

ఇంకొక సంగతి. మనిషి లోపల ఆత్మ ఉంటుందంటారు కదా. నీ పరమాణువులో అది ఎక్కడుంటుంది?

ఇట్లు, నీ మేలు కోరే
బాపు

---

దేవరకొండ హాస్టల్,
డిసెంబరు 1

ప్రియమైన బాపుకు,

అక్షరాలు లావుగా ఉన్నాయని, కాగితాలు దండగ చేశానని తిట్టకు. చేతిరాత బాగుపడాలని మేడమ్ పెద్దగా రాయమన్నారు. అన్నం మెతుకు సంగతి అడిగావు. ఇక్కడ జిగురు డబ్బా అయిపోయింది, అందరం అన్నంతోనే అంటిస్తున్నాం. కాబట్టి మెతుకు కనిపిస్తే ఎవరినీ ఏమీ అనకు.

ఆత్మ ఎక్కడుంటుందని మేడమ్‌ను అడిగితే, "మీ బాపు సిలబస్ దాటిపోయాడు" అని నవ్వారు. తర్వాత ఒక లెక్క చెప్పారు. పరమాణువును మన పెద్ద చెరువంత చేస్తే, మధ్యలో కేంద్రకం నిమ్మకాయంత ఉంటుందట. మిగతా చెరువంతా ఖాళీ. కానీ బరువు దాదాపు మొత్తం ఆ నిమ్మకాయలోనే ఉంటుందట. నాకు మనుషులు కూడా ఇట్లాగే అనిపించారు బాపూ. పైకి కనిపించేదంతా తిరుగుళ్లు, మాటలు, అలకలు. అసలు బరువున్నది లోపల చిన్నగా, ఎవరికీ కనబడకుండా ఉంటుంది. దాన్నే నువ్వు ఆత్మ అంటున్నావేమో.

నాకు ఇంకో అనుమానం వచ్చింది. ప్రోటాన్లు నెట్టుకునేవే అయితే కేంద్రకం చెదిరిపోకుండా ఎట్లా నిలబడింది? దానికి మేడమ్ చెప్పింది విని ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నెట్టే బలం కంటే ఎన్నో రెట్లు పెద్దదైన కలిపి ఉంచే బలం ఒకటి ఉందట. కానీ అది మరీ మరీ దగ్గరగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. కొంచెం దూరం జరిగితే అది లేనట్టే, ఇక నెట్టుడు మాత్రమే మిగులుతుంది. వాడకట్టు అయినా, సంఘం అయినా, ఊరైనా అంతేనేమో. దూరం నుంచి చూస్తే ఎవరికీ ఎవరూ పడరు.

మన గోడ మందం తొమ్మిది అంగుళాలు. ఆ బలానికి అది చాలా దూరం బాపూ.

నీ
అరుణ

---

ఇబ్రహీంపట్నం,
జనవరి 22

ప్రియమైన బిడ్డ అరుణకు,

ఉత్తరం ఆలస్యమైందని కోపగించుకోకు. వెంచర్లో కొత్త మొక్కలు దించారు, ఊపిరాడలేదు. అమ్మ రేణుకమ్మ క్షేమం. పిల్లి కూడా క్షేమం. తాను ఎలక్ట్రాన్ అయిన సంగతి దానికి తెలిసినట్టుంది, ఒక్క చోట నిలవడం లేదు.

నీ సైన్సు బాగుంది. అయితే మీ పెద్దబాపు ప్రోటాన్ అంటే నేను ఒప్పుకోను, ఆయన బండరాయి. నీ ఉత్తరం మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించాను. నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి గోడ అవతల దగ్గు వినిపించింది. తొమ్మిది అంగుళాల దగ్గర ఆ దగ్గు ఆగిపోయింది.

సంఘంలో పేర్లు రాసుకుంటున్నారు. అధ్యక్షుడు రాంచంద్ర నిన్న బజారులో కలిసి, "నీ పేరు రాయాల్నా వద్దా? జర జల్ది చెప్పు" అన్నాడు. నేను ఇంటికి వచ్చి నా సగం వలను దులిపాను. ఎలుకలు కొట్టలేదు, అదే సంతోషం.

నాకు ఒక్క విషయం వివరంగా రాయి. ఆ కలిపే బలం ఉంది కదా, అది పనిచేయాలంటే ముందు ఎవరు దగ్గరికి జరగాలి? పెద్ద ప్రోటానా, చిన్న ప్రోటానా? చిన్నది రెండుసార్లు గోడ దాకా వచ్చి వెనక్కి పోయిందనుకో. అప్పుడు సైన్సు ఏమంటుంది? అర్థమయ్యేటట్టు రాయి, తొందరగా రాయి.

నీ
బాపు

---

దేవరకొండ హాస్టల్,
జనవరి 30

ప్రియమైన బాపుకు,

ప్రోటాన్లలో పెద్దా చిన్నా లేవు. అన్నదమ్ముల వరస వాటికి తెలియదు. ఏది జరిగినా దూరం తగ్గుతుంది. సైన్సు అంతకంటే ఏమీ అనదు.

ప్రదర్శనలో నాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది సోలార్ పొయ్యికి ఇచ్చారు, అందులో అన్నం ఉడకనే లేదు. చూడడానికి వచ్చినవాళ్లలో ఒకామె నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "మరి ఇప్పుడు మీ బాపు, పెద్దబాపు కలిసే ఉన్నరా బిడ్డా?" అని అడిగింది. నేను "అవ్, కలిసే ఉన్నరు, వేటకు కూడా కలిసే పోతరు" అన్నాను. ఆమె సంతోషపడి నా తల నిమిరి పోయింది. ఆ తర్వాత నాకు బహుమతి తీసుకోవాలనిపించలేదు.

చిన్నప్పుడు మీరిద్దరూ వల లాగుతుంటే నేను కట్ట మీద కూర్చుని రెండు కొసలు ఎప్పుడు కలుస్తాయా అని చూసేదాన్ని. పెద్దబాపు కొస ముందు వస్తే ఆయన నన్ను భుజం మీద ఎక్కించుకునేవాడు. నీ కొస ముందు వస్తే నువ్వు. నాకు ఎవరు గెలిచినా ఒకటే. ఇప్పుడు నాకు ఆ రెండు భుజాలూ కావాలి. ఇంకే బహుమతీ వద్దు.

నీ
అరుణ

---

ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి 20

ప్రియమైన మా బిడ్డకు,

తీరిగ్గా కూర్చుని చదువు, ఈ ఉత్తరం పెద్దది.

నీ ఉత్తరం ఈసారి గోడ మీదుగా రాలేదు. ఆదివారం పొద్దున్నే మీ పెద్దబాపు కాశయ్య ఒక భుజం మీద తన సగం వల వేసుకుని, చేతిలో నీ కవరు పట్టుకుని, చుట్టూ తిరిగి మన వెనక గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. కవరు విప్పి ఉంది. అంటించే ఓపిక కూడా లేనట్టుంది.

"ఐలేషూ, పోరి రాసింది నిజమేనారా? ఎవరు జరిగినా దూరం తగ్గుతదట గదా" అన్నాడు.

"గది నీకెట్ల తెలుసు అన్నా?" అన్నాను.

ఆయన తన వెనకే వచ్చిన వదిన వైపు చూశాడు. నర్సింహమ్మ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు సదువు రాదు ఐలేషూ. నేను కవరు విప్పుడు, మెతుకుతోని అంటించుడే. సదివింది మీ అన్న. చిన్న అచ్చరాలు కండ్లకు ఆనక మొదటి ఉత్తరానికి రెండు దినాలు పట్టింది" అంది.

అన్నకు కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. "జిగురు వాసన గుప్పున కొడుతున్న కవరును అన్నంతోని అంటించిన అని రాసింది పోరి. గప్పుడే తెలిసింది, దొరికిపోయినమని" అన్నాడు.

బిడ్డా, నువ్వు అక్షరాలు లావుగా రాసింది ఎవరి కళ్ల కోసమో నాకూ తెలుసు. నేనూ తక్కువేమీ తినలేదు. మొదటి మెతుకు చూసిన రోజే నాకు అర్థమైంది. ఉత్తరాలు వెనక గుమ్మంలో ఇవ్వమని నారయ్యకు ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. పెద్ద ప్రోటాన్ ముందు జరగాలా, చిన్నదా అని నిన్ను అడిగింది ఎందుకనుకున్నావు? నాలుగేళ్లుగా అన్నను అడగలేని మాట నీ చేత అడిగించాను. నువ్వేమో ఇద్దరినీ కలిపి తిట్టావు.

వల కుట్టడానికి మూడు రోజులు పట్టింది. అన్నది కుడిచేయి, నాది ఎడమచేయి అని నీకు తెలుసు కదా. తాత మా ఇద్దరికీ అందుకే చెరో కొస ఇచ్చేవాడు. ఇద్దరం ఎదురెదురుగా ముడులు వేసుకుంటూ వచ్చి నడుమ కలిశాం. ఆఖరి ముడి దగ్గర "నువ్వెయ్యి" అంటే "నువ్వెయ్యి" అనుకున్నాం. మళ్లీ పోట్లాట మొదలయ్యేటట్టుందని మీ అమ్మ వచ్చి తానే వేసింది. కోసిన చోట కొత్త దారం తెల్లగా కనబడుతుంది. దాన్ని దాచే ఉపాయం లేదు, మేము వెతకలేదు కూడా.

నిన్న వేటకు పోయాం. నేను నీళ్ల మీద అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో, తెప్ప కదలగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్న చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. రెండు కొసలూ కలిసేసరికి వల నిండా రవ్వలు, బొచ్చెలు. కొస నాదే ముందు వచ్చిందని నేనంటాను, తనదే అని మీ పెద్దబాపు అంటాడు. నువ్వు వచ్చి తేల్చాలి. బొంగులూరు పని మానేస్తున్నానని వాళ్లకు చెప్పేశాను.

గోడ ఇంకా ఉంది. ఒక్కసారిగా పడగొడితే ఇల్లు అదురుతుందని మేస్త్రీ మల్లేష్ అన్నాడు. ప్రస్తుతానికి నడుమ ఒక దర్వాజా పెట్టిస్తున్నాం. ఇక కూరగిన్నెలు పైనుంచి ఎగరవలసిన పని లేదు.

కింద మీ పెద్దబాపు ఏదో రాస్తానంటే కాగితం ఆయన చేతికిచ్చాను. కవరు కూడా ఆయనే అంటిస్తాడట.

మీ ఇద్దరు బాపుల్లో చిన్నవాడు,
ఐలేష్

బిడ్డా, నేను కాశయ్యను. ఇగ నువ్వు చిన్నగనే రాయి. మీ బాపు సదివి ఇనిపిస్తడు.