వసుంధరక్కకు చెప్పేశాను

అన్నయ్యా,

రేపు విమానం ఎక్కేలోపు ఇది చదువు. నువ్వు సింగపూర్ వస్తున్నావని మన వసుంధరక్కకు ఈ రోజు చెప్పేశాను. యీషున్‌లో కొట్టు మూసేసి వచ్చి మా ఫ్లాట్‌లోనే ఉంటున్న మనిషి దగ్గర ఎన్నాళ్ళని దాచను?

నువ్వు చెప్పమన్నదే చెప్పాను. "బ్రిటన్, యూరప్ వాళ్ళు మళ్ళీ దగ్గరవుతున్నారట. రేవుల్లో తనిఖీలు తగ్గితే రోటర్‌డామ్‌లో నీ కొట్టు మళ్ళీ తెరిపించి, లెస్టర్ నుంచి పచ్చళ్ళు అన్నయ్యే పంపిస్తాడట" అన్నాను.

అక్క "బ్రిటన్ యూరప్‌లోంచి బయటికి రావాలని ఓటేసింది వాడే. రోటర్‌డామ్ రేవులో నా సరుకు ఆపేశారని ఏడుస్తూ ఫోన్ చేస్తే, 'మీ యూరప్ రూల్స్ కదా, నువ్వే పడు' అని నవ్వాడు. కొట్టు మూసేశాక ఎలా ఉన్నావని ఒక్కసారైనా అడిగాడా?" అంది.

ఇక్కడే బెడోక్‌లో స్నేహితురాలింటికి వెళ్ళిపోతానని బట్టలు సర్దుకుంటోంది. ఆగమని బతిమాలాను, వినలేదు.

అన్నయ్యా, వచ్చాక ఆ బ్రిటన్, యూరప్ ఒప్పందాల సంగతి ఎత్తకు. ముందు ఆ రోజు నవ్వినందుకు క్షమించమని అడుగు. నీ తరఫున ఆ మాట నేను చెప్పలేను.

అక్క ఇప్పుడే గదిలోంచి వచ్చి, నీ విమానం ఎన్నింటికి దిగుతుందని అడిగింది. చెప్పాను. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నీ చెల్లి