పుట్టి పంపను

కర్నూలు, అక్టోబరు 1955

తమ్ముడు ఖాసిం వలికి అన్న దువా.

నీ బొంబాయి షికారు పడవల కంపెనీ చరిత్ర అచ్చువేసిన కాగితం అందింది. నాయన తోలు పుట్టిలో జనాన్ని తుంగభద్ర దాటించిన రోజుల నుంచి మొదలుపెట్టావు. బాగుంది. అందులో నా పేరు మాత్రం లేదు. అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ కాగితమే చూపిస్తోంది.

ఆ పుట్టిని ఆఫీసు ముందు పెడతాను, రైల్లో వేయమన్నావు. నేను ఇప్పటికీ దాంతోనే జనాన్ని అవతలి ఒడ్డుకు చేరుస్తున్నాను. మొన్ననే కొత్త తోలు బిగించాను.

చిన్నప్పుడు నువ్వు తెడ్డు ఒకే వైపు వేసి, పుట్టిని నడి ఏట్లో గిరగిరా తిప్పితే తిట్టేవాణ్ణి. ఇప్పుడు జనాన్ని ఊరికే తిప్పి, ఎక్కిన చోటే దింపుతున్నావు. దానికి వాళ్లు వరసలో నిలబడుతున్నారట.

నిన్న సాయంత్రం మీ వదిన చాంద్ బేగం వచ్చి పుట్టిలో కూర్చుంది.

"యాడికి పోవాల?" అన్నాను.

"యాడికీ వద్దు. ఖాసిం తిప్పుతాండె చూడు, అట్లా ఒకసారి తిప్పు" అంది.

తిప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అంతగా నవ్వడం నేనెరగను. అది కూడా నీ విద్యే.

పుట్టి పంపను. ఈ సాయంత్రం కూడా వస్తానంది.

మీ అన్న