అంగట్లో అనని మాట

నాయనా,

నిన్న నీ సంవత్సరీకం జరిగింది. నువ్వు పోయిన రోజు మూసిన కిరాణా అంగడి మళ్ళీ తెరవలేదు. ఇంటి ఖర్చులకని నేను నెట్ సెంటర్‌లో సర్వేలు చేస్తున్నాను. సబ్బుల గురించి, టీపొడి గురించి కంప్యూటర్ అడిగినవాటికి జవాబిస్తే డబ్బులిస్తారు.

కానీ చాలా సర్వేలు ముందుగా, మీ ఇంట్లో ఎవరికైనా అంగడి ఉందా అని అడుగుతాయి. ఉందంటే, సరుకు అమ్మేవాళ్ళ జవాబులు వద్దని అక్కడితో ఆపేస్తాయి. ఈ రోజూ అదే ప్రశ్న వచ్చింది.

"లేదని నొక్కక్కా. మూసిన అంగడే గదా, ఎవురొచ్చి చూస్తారు?" అన్నాడు సెంటర్ బాషా.

సరుకు నిండుకున్నా నువ్వు నన్ను ఆ మాట అననిచ్చేవాడివి కాదు. "అంగట్లో కూచోని లేదనగూడదు మ్మా. రేపొస్తాదని చెప్పు" అనేవాడివి. నా వేలు ముందుకు పోలేదు. లేచి ఇంటికొచ్చి తాళంచెవి తీసుకున్నాను.

"యాడికి పోతాండావే?" అంది అమ్మ.

"అంగడి తీస్తా."

షట్టర్ మొరాయించింది. రెండు చేతులా లాగాను. ఖాళీ డబ్బాల దుమ్ము దులుపుతుంటే ఎదురింటి అవ్వ వచ్చి, "చక్కెర ఉండాదామ్మా?" అని అడిగింది.

"రేపొస్తాదవ్వా" అన్నాను.