మనిషి లోపలుండగా

షేర్కో, నీకు తెలుగు రాదు, నువ్విప్పుడు లేవు కూడా. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

పొద్దున ఇక్కడ సౌదీలో, జుబైల్ క్యాంపు మెస్సులో టీవీ చూశాను. సిరియాలో మీ కుర్దుల ఊళ్ల నుంచి విదేశీ సైనికులు సామాను సర్దుకుని వెళ్లిపోతున్నారు. మిలిటెంట్లతో పోరాడడానికి నువ్వు ఇక్కడి పని వదిలి వెళ్లేటప్పుడు, "పైన ఆ విదేశీ సైన్యం విమానాలున్నాయిలే" అన్నావు. మీ దగ్గర చమురుందా అని అడిగాను. ఉందన్నావు. మరి వాళ్లు వచ్చింది మీ కోసమేనా అంటే నవ్వావు. ఆ ఏడే నువ్వు చనిపోయావు.

మన పనిలో వెల్డర్ ట్యాంకులోకి దిగితే, వాడు బయటికొచ్చేదాకా ట్యాంకు మూతి దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి, లోపల ఊపిరాడకపోతే బయటికి లాగడానికి. ఛాయ్‌కి కూడా కదలకూడదు. నాకు ఆరేళ్లు అలా నిలబడింది నువ్వే.

ఇవాళ అక్కడ జగిత్యాల నుంచి వచ్చిన కొత్తాయన నిలబడ్డాడు. మంచివాడే. "దిగు అన్నా, నేనుంట గదా" అన్నాడు.

దిగాను. ఐదు నిమిషాలకోసారి సుత్తితో ట్యాంకు గోడ మీద కొట్టాను. ప్రతిసారీ బయటి నుంచి బదులు వచ్చింది.

నువ్వున్న ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేనలా కొట్టి చూడలేదు.